ఫలక్‌నుమా వద్దు, లక్నవరం పోదాం

హనుమకొండ,
ఆదివారం రాత్రి

ప్రియమైన బిడ్డా,

"అరవై నిండుతున్నాయి కదా అమ్మా, ఏ హోటల్లో ఉండాలనుందో చెప్పు, బుక్ చేస్తా" అని పొద్దున నువ్వు ఫోన్లో అడిగితే వెంటనే ఏమీ చెప్పలేకపోయాను. పక్క నుంచి మీ బాపు హైదరాబాద్‌లోని ఆ ప్యాలెస్ హోటల్ పేరెత్తి ఫలక్‌నుమా, ఫలక్‌నుమా అంటున్నారు. నాకేమో మనం ఇన్నేళ్లలో దిగిన గదులన్నీ ఒక్కసారిగా గుర్తుకొచ్చాయి. ఇది ఫోన్లో తెమిలే ముచ్చట కాదనిపించి రాస్తున్నాను.

మొట్టమొదటిది అరకు. 1999 ఎండాకాలం సెలవులు. నువ్వు మూడో తరగతి, తమ్ముడికి నాలుగేళ్లు. అప్పటికి మా పెళ్లై పదేళ్లు. ఆ పదేళ్లలో ఊరు దాటి పడుకున్నామంటే చుట్టాల ఇళ్లలోనో, తిరుపతిలో సత్రంలోనో. హోటల్ గది ఎట్లుంటుందో నేను చూడలేదు. ఆ ఏడు, ఉద్యోగులకు ప్రయాణాల కోసం సర్కారిచ్చే ఎల్‌టీసీ పెట్టుకున్నాను. అందులో టికెట్ డబ్బులే వస్తాయి, గది అద్దె మనమే కట్టుకోవాలి. మీ బాపు కాగితం మీద లెక్కలు వేసి రెండు రాత్రులు ఉండొచ్చని తేల్చారు. నేను నాలుగు రోజులకు సరిపడా సకినాలు, సర్వపిండి, చింతపండు పులిహోర డబ్బాల్లో సర్దాను.

వరంగల్లో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి విశాఖపట్నం. అక్కడ కిరండూల్ పాసింజర్ పట్టుకున్నాం. ఆ దారిలో యాభైకి పైగా సొరంగాలు. నువ్వు వేళ్ల మీద లెక్క పెడుతూ ముప్పై ఏడు దగ్గర నిద్రపోయావు. లేచాక లెక్క తప్పిందని, రైలు వెనక్కి తిప్పమని ఏడ్చావు. సిమిలిగుడ స్టేషన్ దగ్గర నిన్ను ఎత్తుకుని బోర్డు చూపించాను. బ్రాడ్‌గేజ్ లైన్లలో అప్పటికి దేశంలో అన్నిటికన్నా ఎత్తున ఉన్న స్టేషన్ అది, దగ్గర దగ్గర వెయ్యి మీటర్లు. సోషల్ టీచర్ని కదా, పాఠం చెప్పకుండా ఉండలేను.

టూరిజం వాళ్ల మయూరిలో దిగాం. మామూలు గది. రెండు మంచాలు, రగ్గులు, కొండ వైపు ఒక కిటికీ. మర్నాడు అలవాటు ప్రకారం నాకు ఐదింటికే మెలకువ వచ్చింది. లేచి కూర్చున్నాను. నల్లా వచ్చే టైమని పరుగెత్తే పని లేదు. బియ్యం కడిగేది లేదు. మీ నలుగురి, నాయనమ్మతో కలిపి, టిఫిన్ సంగతి లేదు. చేతులు ఏం చెయ్యాలో తెలియక ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. కొండ మీది మబ్బు మెల్లగా చెట్ల లోపలికి దిగుతోంది. ఇంతలో తలుపు తట్టి ఒక పిల్లవాడు టీ ఇచ్చి పోయాడు.

పెళ్లయ్యాక నేను పొయ్యి ముట్టించకుండా నా చేతికి వచ్చిన మొదటి పొద్దుటి టీ అది. మీరందరూ నిద్రలో ఉన్నారు. తాగుతుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. ఈ మాట ఇన్నాళ్లూ మీ బాపుకు కూడా చెప్పలేదు. ఆయన తప్పేం లేదు, ఆ రోజుల్లో ఇళ్లు అట్లా నడిచేవి. కానీ ఆ తర్వాత ఏ గది బాగుందో చెప్పమంటే నాకు ముందు ఆ టీయే గుర్తొస్తుంది. స్టార్లు, స్విమ్మింగ్ పూల్ తర్వాత.

భద్రాచలం, బాసర, శ్రీశైలంలో దిగిన గదులు దర్శనం కోసం దిగినవి, సామాను పెట్టుకోవడానికే. నాగార్జునసాగర్‌లో విజయవిహార్ మాత్రం వేరు, అక్కడ వరండాలో కూర్చుంటే చాలు, కళ్ల నిండా నీళ్లే. ఇంకో ఊళ్లో జరిగింది నీకు గుర్తుందో లేదో. ఊరి పేరు రాయను. ఫోన్లో గది చెప్పుకుని రాత్రి పదకొండింటికి చేరాం. గది వేరేవాళ్లకు ఇచ్చేశాం అన్నాడు కౌంటర్లో మనిషి, తల కూడా ఎత్తకుండా. తమ్ముడికి జ్వరం. మెట్ల మీద కూర్చున్నాం. పూల దుకాణం ముసలమ్మ చూసి, తన వాకిట్లో చాప పరిచి పడుకోబెట్టింది. పొద్దున డబ్బులిస్తే తీసుకోలేదు. అప్పటి నుంచి బాపు బయలుదేరే ముందు రోజు హోటల్‌కి ఫోన్ చేసి గది ఖాయమేనా అని అడుగుతారు. నువ్వూ యాప్‌లో డబ్బు కట్టేశాం కదా అనుకోకు, ఒక్కసారి ఫోన్ చెయ్యి. పిల్లలతో పోయేటప్పుడు ఆ టెన్షన్ వద్దు.

ఇక అలప్పుళ. 2011లో, నువ్వు ఇంజనీరింగ్ మూడో ఏడులో ఉండగా. కేరళ ఎక్స్‌ప్రెస్‌లో ఎర్నాకుళం దాకా పోయి అక్కడి నుంచి బస్సు. అక్కడ మనం రాత్రి ఉన్న ఇంటి పడవను కెట్టువళ్లం అంటారు. ఒకప్పుడు వడ్లు, బియ్యం మోసిన పడవలు అవి, పలకలను మేకులు లేకుండా కొబ్బరి తాళ్లతో కుట్టి చేసేవాళ్లు. పడవ పోతుంటే పొలాలు మన కంటే కిందున్నాయి, చూశావా? కుట్టనాడులో సముద్ర మట్టం కంటే కింద వరి పండిస్తారు. ఇంటికొచ్చిన వారమే తొమ్మిదో తరగతికి బోర్డు మీద బొమ్మ వేసి చెప్పాను. చూసొచ్చి చెప్పిన పాఠం పిల్లలు వేరేగా వింటారు.

పడవలో వంటాయన నా దగ్గరికి వచ్చి "ఏం తింటారమ్మా?" అని సైగలతో అడిగాడు. నన్ను! కరిమీన్ అనే చేప వేపుడు చేశాడు. ఎర్రటి లావు అన్నం మన దొడ్డు బియ్యం లెక్క కడుపు నిండా ఉంది. సాయంత్రం కాగానే పడవ ఒడ్డుకు కట్టేశారు, రాత్రి చేపలవాళ్లు వలలు వేసుకుంటారు కాబట్టి ఇళ్ల పడవలు తిరగకూడదు. ఆ చీకట్లో మనిద్దరం ముందు భాగంలో కూర్చున్నాం. నువ్వు అల్లుడి గురించి మొదటిసారి చెప్పింది ఆ రాత్రే. ఇంట్లో అయితే నువ్వు మాట మొదలుపెట్టేసరికి నేను పప్పు తాలింపు వేస్తూ, నీకు వీపు పెట్టి "ఊఁ" అనేదాన్ని. అక్కడ నా చేతుల్లో ఏ పనీ లేదు. పూర్తిగా విన్నాను. మర్నాడు పొద్దుటికి నా భయం సగం పోయింది.

ఫలక్‌నుమా మీద నాకు గౌరవమే. 1884లో పని మొదలుపెట్టి వికార్ ఉల్ ఉమ్రా కట్టించుకున్న ఇల్లు, తర్వాత ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ దగ్గరికి పోయింది. నూటొక్క మంది కూర్చునే భోజనాల బల్ల ఉందట. 2010లో హోటల్‌గా తెరిచారు. ఒకసారి చూడాలని ఉంది. అయితే అక్కడ ఒక్క రాత్రికయ్యే డబ్బుతో మనమందరం ఇంకో చోట హాయిగా రెండు రోజులు ఉండొచ్చు.

ఆ ఇంకో చోటు లక్నవరం చెరువు. ఇంటి నుంచి డెబ్బై కిలోమీటర్ల పైచిలుకు. ములుగు, చల్వాయి దాటి బుస్సాపూర్ దగ్గర. బడి పిల్లలను ఎన్నిసార్లో తీసుకుపోయాను కానీ సాయంత్రానికి తిరిగొచ్చేవాళ్లం. 2018లో మేమిద్దరం దీవి మీది కాటేజీలో ఒక రాత్రి ఉన్నాం. చూడవచ్చినవాళ్లు వెళ్లిపోయాక, వేలాడే వంతెన మీద అడుగుల చప్పుడు ఆగాక, అసలు చెరువు అప్పుడు వినబడింది. కప్పలు, ఏదో పిట్ట, గట్టుకు తగిలే నీళ్లు. కాకతీయుల కాలంలో కొండల మధ్య సందులకు కట్టలు కట్టి నిలిపిన నీళ్లవి. ఇవాళ్టికీ గోవిందరావుపేట పొలాలు వాటి మీదే పండుతున్నాయి. ఈ మధ్య మూడో దీవి మీద కొత్త రిసార్టు కూడా తెరిచారు. నాకు పాత కాటేజీ అయినా చాలు.

తిరిగొచ్చేటప్పుడు పాలంపేటలో రామప్ప. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది. పొద్దుటి ఎండ పక్క నుంచి పడినప్పుడు ఆ మదనికల, అంటే గుడికి చెక్కిన ఆడబొమ్మల, నల్లరాయి మెరుస్తుంది. ఊళ్లో పిల్లలందరికీ చూపించాను, నా మనవడికీ మనవరాలికీ ఇంకా చూపించలేదు.

ఇంకో మాట. పొద్దున నువ్వు మాట్లాడుతుంటే వెనక కుక్కర్ విజిల్, ల్యాప్‌టాప్‌లో మీటింగ్ మాటలు, చిన్నదాని ఏడుపు. "ఉండమ్మా, ఒక్క నిమిషం" అని నాలుగుసార్లు అన్నావు. పెట్టేశాక చాలాసేపు నాకు వేరే ఏదీ తోచలేదు. నా పుట్టినరోజంటున్నావు కాబట్టి నేను అడిగింది ఇవ్వు. రెండు రోజులు ల్యాప్‌టాప్ పుణెలో వదిలేసి రా. దీవి మీద పొద్దున మొదటి టీ నీ గదికి పంపమని నేను చెప్తాను. పిల్లలు లేస్తే నా దగ్గరికి వస్తారు. నువ్వు కిటికీ దగ్గర కూర్చో.

బతుకమ్మకు ఎట్లాగూ వస్తావు. దసరా అయిన మర్నాడు పోదాం, వానలకు చెరువు నిండి ఉంటుంది. మాఘమాసంలో అయితే మేడారం జాతర జనంతో ఆ రోడ్డు కదలదు. రెండు గదులు, రెండు రాత్రులు. తమ్ముణ్ణి కూడా అడుగు.

ఈసారి డబ్బాల్లో నేనేమీ సర్దను. రెండు చద్దర్లు మాత్రం తెస్తాను, తెల్లారుజామున వంతెన మీద చలేస్తుంది.

మీ అమ్మ