వాణిజ్య మంత్రి గారూ, రొయ్యల షెడ్డు కూలీలను కూడా లెక్కలోకి తీసుకోండి

కేంద్ర వాణిజ్య, పరిశ్రమల శాఖ మంత్రి గారికి నమస్కారం.

2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద అదనపు సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు భీమవరం వైపు అందరూ రొయ్యల కౌంటు రేటు (కేజీకి ఎన్ని తూగుతాయో దాన్ని బట్టి పలికే ధర) గురించి, ఆగిపోయిన కంటైనర్ల గురించే మాట్లాడారు. నవంబరులో మీ కేబినెట్ ఎగుమతుల ప్రోత్సాహానికి 25,060 కోట్ల రూపాయల మిషన్, దాంతోపాటు 20,000 కోట్ల వరకు అదనపు అప్పులకు గ్యారంటీ ఆమోదించింది. మంచి పనే. కానీ ఆ సాయం అందేది సంస్థలకు. షెడ్డులో గంటల తరబడి నిలబడి, కేజీల లెక్కన రొయ్య తలలు తీసి పొట్టు ఒలిచే ఆడవాళ్లకు సరుకు రాని రోజు కూలీ లేదు, అడిగే దిక్కూ లేదు.

పెటియా టొపలోవా అనే ఆర్థికవేత్త మన దేశం మీదే చేసిన పరిశోధన ఒకటుంది, మీ అధికారులకు తెలిసే ఉంటుంది. 1991 తర్వాత మన దిగుమతి సుంకాలు బాగా తగ్గి విదేశీ సరుకు పోటీ పెరిగింది కదా, ఏ జిల్లాలో జనం ఏ పని మీద బతుకుతున్నారో చూసి ఆ దెబ్బ ఎక్కడ ఎంత తగిలిందో ఆమె లెక్క తీశారు. దేశమంతా పేదరికం తగ్గుతున్నా, దెబ్బ ఎక్కువ తగిలిన గ్రామీణ జిల్లాల్లో మాత్రం నెమ్మదిగా తగ్గింది, ఎందుకంటే పని పోయినవాళ్లు వేరే ఊరికో వేరే రంగానికో పెద్దగా కదల్లేదు. మరో ఆర్థికవేత్త ఖండేల్వాల్‌తో కలిసి చేసిన ఇంకో పరిశోధనలో సుంకాలు తగ్గాక కంపెనీల ఉత్పాదకత పెరిగిందనీ తేలింది. రెండూ నిజమే, అందుకే కంపెనీల లెక్క ఒక్కటే చూస్తే చాలదంటున్నాను.

అప్పుడు దెబ్బ దిగుమతుల వల్ల, ఇప్పుడు ఎగుమతుల వల్ల, కానీ కూలీ పరిస్థితి మారలేదు. పిల్లల బడి, డ్వాక్రా అప్పు, ముసలి అత్తమామలు, ఇవన్నీ వదిలి షెడ్డులో పనిచేసే ఆమె ఎక్కడికి వెళ్తుంది? తిరుపూర్ వెళ్దామన్నా అక్కడి బట్టల మిల్లులకూ అదే సుంకం తగిలింది.

ఏ దేశంతో ఒప్పందం చేసుకున్నా, సంతకానికి ముందే ఏ జిల్లాలో ఎంతమంది కూలీల పని మీద ప్రభావం పడుతుందో లెక్క తీసి బయటపెట్టండి. ఇలాంటి దెబ్బ తగిలినప్పుడు ఆ నెలల కూలీలో కొంతైనా నేరుగా వాళ్ల ఖాతాలో వేయండి. కేంద్ర ప్రభుత్వ ఈ-శ్రమ్ పోర్టల్‌లో అసంఘటిత కార్మికుల నమోదు ఎలాగూ ఉంది, అందులో లేని షెడ్డు కూలీల పేర్లు రాయించే బాధ్యత, అప్పు గ్యారంటీ తీసుకునే ప్రతి సంస్థ మీదా పెట్టండి. పశ్చిమ గోదావరితోనే మొదలుపెట్టండి.