మా పిల్లల సివిక్స్ పుస్తకంలో కొన్ని మాటలు

సంపాదకులకు నమస్కారం.

మాది ఒడిశాలోని గజపతి జిల్లా, పర్లాకిమిడి. ఆటో ఎక్కితే కాసేపట్లో ఆంధ్రలోని పాతపట్నంలో దిగొచ్చు. పద్నాలుగేళ్లుగా ఇంటి అరుగు మీద ట్యూషన్ చెబుతున్నాను. ఇప్పుడు పదకొండు మంది వస్తున్నారు. అందరిదీ ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. లెక్కల్లో దీనివల్ల పెద్ద ఇబ్బంది లేదు. సివిక్స్ దగ్గరే వచ్చింది చిక్కంతా.

మొన్న తొమ్మిదో తరగతి పిల్లాడి నోట్సు దిద్దుతున్నాను. తెలుగు అక్షరాలు నా దగ్గరే నేర్చుకున్నాడు. బడిలో రాయించిన ఒడియా జవాబు కింద, తనకు గుర్తుండడానికి పెన్సిలుతో తెలుగులో ఇలా రాసుకున్నాడు: "నాగరికుడు అంటే మర్యాద తెలిసినవాడు. మౌళిక అధికారాలు అంటే పెద్ద ఆఫీసర్లకు ఉండే అధికారాలు."

తప్పు వాడిది కాదు. ఒడియాలో 'నాగరిక' అంటే పౌరుడు, 'అధికార' అంటే హక్కు, 'మౌళిక అధికార' అంటే ప్రాథమిక హక్కు. అవే మాటలు మన తెలుగు చెవికి ఇంకోలా వినిపిస్తాయి. 'కర్తవ్య' ఒక్కటే రెండు భాషల్లోనూ ఒకటి. అందుకని పాఠం మొత్తం చదివాక వాడి బుర్రలో మిగిలింది ఇది: ఆఫీసర్లకు అధికారాలున్నాయి, మనకు కర్తవ్యాలున్నాయి, మర్యాదగా నడుచుకోవాలి. ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. ఇన్నేళ్లుగా ఎంతమంది పిల్లలు ఇలాగే చదువుకుని నా అరుగు దిగి వెళ్లిపోయారో!

వాళ్లమ్మ ఒక వారపు సంతలో ఆకుకూరలు అమ్ముతుంది. గంపకు ఆశీలు 10 రూపాయలని అక్కడ బోర్డు ఉంది. వసూలు చేసేది 20. రసీదు ఇవ్వరు. "ఎందుకు ఇస్తున్నార్రా?" అని అడిగితే, "అతనికి అధికారం ఉంది కదా మేడం" అన్నాడు. నోట్సులో రాసుకున్న మాటే!

ఆ రోజు లెక్కలు పక్కన పెట్టేసి తెలుగులో ఉన్న రాజ్యాంగం పుస్తకం తీశాను. చట్టం ఆధారం లేకుండా ఏ పన్నూ వేయరాదు, వసూలు చేయరాదు అని 265వ అధికరణం చెబుతోంది. సంత ఆశీలు చిన్నదే కావచ్చు, దానికీ ఒక నిబంధన, ఒక రేటు, ఒక రసీదు ఉండాలి. తర్వాత 14, 15 చదివించాను. చట్టం ముందు సమానత్వాన్ని ఎవరికీ నిరాకరించరాదు, మతం, కులం లాంటివి చూసి పౌరులపై వివక్ష చూపరాదు. "ఈ 'రాదు'లన్నీ ఎవరికి చెప్పినవి?" అని అడిగాను. పదకొండు మందీ "మనకి" అన్నారు. గోడల మీద, బోర్డుల మీద 'చేయరాదు' అని కనిపించేదంతా మనకే కాబట్టి ఇదీ మనకే అనుకున్నారు. ఈ 'రాదు'లు ప్రభుత్వానికి అని చెబితే ఒకమ్మాయి నమ్మలేదు. పుస్తకం తీసుకుని వేలు పెట్టి మళ్లీ చదువుకుంది.

పోలీసులు ఎవరినైనా అరెస్టు చేస్తే ప్రయాణ సమయం పోను 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. ప్రాథమిక హక్కులను లాగేసుకునే చట్టం చేస్తే ఆ మేరకు చెల్లదు. ఇవి 1950 నుంచీ ఉన్నాయి. ప్రాథమిక విధులు 1976లో 42వ సవరణతో వచ్చి చేరాయి. విధులు నేర్పొద్దని నేను అనను. నా పిల్లలు పదకొండు విధులూ గడగడా అప్పజెబుతారు, సంతోషమే. కానీ ప్రభుత్వం ఏమేం చేయకూడదో ఒక్కటి చెప్పమంటే నోరు తెరవలేదు. అదీ నా బాధ.

తర్వాతి వారం సంతలో ఆ పిల్లాడి అమ్మ రసీదు అడిగింది. రసీదు పుస్తకం తేలేదంటూ ఆశీలు వసూలు చేసే అతను డబ్బు తీసుకోకుండానే ముందుకు వెళ్లిపోయాడు. ఆ పై వారం 10 రూపాయల టికెట్టు చింపి ఇచ్చాడు. పిల్లాడు దాన్ని నోట్సులో అంటించుకున్నాడు. మిగతా గంపల దగ్గర ఇంకా 20 తీసుకుంటున్నారని విన్నాను.

గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు మాది. సవర గిరిజనుల పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పాలని ఆయన సవర నేర్చుకుని పుస్తకాలు రాశారు. భాషాపరంగా తక్కువమంది ఉన్నవారి పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధించే ఏర్పాటు చేయాలని రాజ్యాంగంలోనే 350ఏ అధికరణం ఉంది. తెలుగు మీడియం అందని పిల్లలకు బడిలో కనీసం సివిక్స్ మాటల అర్థమైనా తెలుగులో ఒకసారి చెప్పమని మా ప్రాంతం ఉపాధ్యాయులను వేడుకుంటున్నాను. వాళ్లలో చాలామందికి తెలుగు బాగా వచ్చు.

మీ పత్రిక రాష్ట్రం దాటి మా ఇళ్లకూ వస్తోంది. విద్యార్థుల పేజీలో వారానికి ఐదు మాటలు వేయండి. అటు ఒడియా మాట తెలుగు లిపిలో, ఇటు తెలుగులో దాని అర్థం. సంబిధాన అంటే రాజ్యాంగం. ధారా అంటే అధికరణం. ఒడియాలో రాజ్య అంటే మనం రాష్ట్రం అనేది, రాష్ట్ర అంటే దేశం. నలభై మాటల దాకా రాసి పెట్టుకున్నాను. మీరు వేస్తామంటే వెంటనే పంపిస్తాను.

– ఒక ట్యూషన్ టీచరు, పర్లాకిమిడి