తలకోన వాగు ఒడ్డున తడి ఇసుకను తొక్కకండి

ఎడిటర్ గారికి,

వేసవి సెలవుల్లో తలకోన వెళ్లేవారు జలపాతం చూసి వచ్చేస్తుంటారు. దారిలో వాగు పక్కన తడి ఇసుకనూ చూడమని మనవి. ఎండలు ముదిరి నీరు సన్నబడ్డాక సీతాకోకచిలుకలు ఆ చెమ్మ మీద గుంపుగా వాలతాయి. నీటి కోసమే కాదు, అందులో కరిగిన ఉప్పు కోసం. పూతేనెలో సోడియం చాలా తక్కువ. వాలేవి ఎక్కువగా మగవే. జతకట్టేటప్పుడు ఆ లవణం ఆడవాటికి, వాటి నుంచి గుడ్లకు చేరుతుంది.

ఉదయం 8 నుంచి 11 లోపు మంచి సమయం. సూర్యుడు మీ ఎదురుగా ఉండేలా నడవండి. వెనక నుంచి ఎండ కొడితే మీ నీడ వాటి మీద పడి గుంపంతా లేచిపోతుంది. లేచినా కంగారుపడి వెంటపడొద్దు. ఆరడుగుల దూరంలో కదలకుండా కూర్చుంటే మళ్లీ వాలతాయి. చుట్టుకున్న సన్నటి నాలుక విప్పి ఇసుక రేణువుల మధ్య గుచ్చడం, కొన్నయితే తాగుతూనే వెనక నుంచి నీటిబొట్లు వదలడం అప్పుడు కనబడుతుంది. ఎంత చూసినా తనివి తీరని దృశ్యం!

కరివేపాకు, నిమ్మజాతి మొక్కల ఆకుల మీద పక్షిరెట్టలా ఉన్నది నిమ్మ సీతాకోకచిలుక పిల్లపురుగు కావచ్చు, దులిపేయకండి. తల పైకెత్తితే కొమ్మల్లో బెట్టుడుత (అడవిలో ఉండే పెద్ద ఉడుత) గూడు కనిపించవచ్చు.

ఆ చెమ్మ చారెడు జాగా. పదిమంది చెప్పులతో తొక్కి, సబ్బునీళ్లు వదిలితే పాడైపోతుంది. వేసవి మూడు నెలలైనా అటవీశాఖ అక్కడ తాడు కట్టి, తెలుగులో ఒక చిన్న బోర్డు పెట్టాలని కోరుతున్నాం.

– ప్రకృతి ప్రేమికులు, తిరుపతి