మీ మనిషి రాకుండానే వచ్చినట్టు రాసుకున్న విషయం

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

నమస్కారం. హన్మకొండలో హంటర్ రోడ్డు వైపు పిల్లలకు ఈత నేర్పే చిన్న పూల్ నడుపుతున్నాను. ఆరేళ్ల కింద పూల్ కట్టినప్పుడు మీ పంపే పెట్టించాను. అప్పటి నుంచి ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్ కాంట్రాక్టు) డబ్బులు ఒక్క రోజు ఆలస్యం చేయలేదు. ఏడాదికి నాలుగుసార్లు మీ మనిషి వచ్చి పంపు, ఫిల్టర్ చూసి వెళ్లాలి. అందులో నాకు ముఖ్యమైనది మార్చి విజిట్. ఎండాకాలం సెలవుల్లో పూల్ నిండా పిల్లలే ఉంటారు, ఆ నెలన్నర సంపాదనతోనే మా ఇల్లు ఏడాదంతా గడుస్తుంది.

ఈ మార్చిలో ఎవరూ రాలేదు.

ఏప్రిల్ మొదట్లో పంపు సీలు దగ్గర నీళ్లు చుక్కలు చుక్కలుగా కారడం మొదలైంది. కింద పెరుగు డబ్బా పెట్టాం. మొదట్లో అది నిండడానికి పొద్దున్నుంచి సాయంత్రం దాకా పట్టేది, ఇప్పుడు గంటకోసారి పారబోస్తున్నాం. సీలు అరగడం మామూలే, మార్చిలో చూసి ఉంటే అప్పుడే మార్చేవాళ్లు. ఇలాగే వదిలేస్తే నీళ్లు బేరింగుల్లోకి పోయి మోటారే పోతుంది. పంపు ఆగితే ఈ ఎండలకు రెండు రోజుల్లో నీళ్లు పచ్చబడతాయి. అయినా నా కోపం సీలు మీద కాదు.

మొదటిసారి ఫోన్ చేస్తే మోడల్ నంబర్ అడిగారు. పంపు రూంలో మోకాళ్ల మీద కూర్చుని, సెల్ లైటు వేసి, మట్టి పట్టిన ప్లేటు తుడిచి ఒక్కో అక్షరం చదివాను. చదవడం అయ్యేసరికి లైన్ కట్. రెండోసారి ఎత్తిన అబ్బాయి ఇంట్లో తాగునీళ్ల ప్యూరిఫయరా అని అడిగాడు. ఈత కొలను పంపు అని మూడుసార్లు చెప్పాను. మూడో ఆవిడ కరీంనగర్ డీలర్‌ను అడగమంది. ఆయనేమో వరంగల్ మా కిందికి రాదు, హైదరాబాద్ వాళ్లకే చెప్పండి అన్నాడు. మళ్లీ హైదరాబాద్‌కు చేస్తే శని, ఆదివారాల్లో టెక్నీషియన్ వస్తాడన్నారు. ఆ రెండు రోజులూ బ్యాచ్‌లు ఆపి పంపు రూం దగ్గరే కూర్చున్నాను. మహబూబాబాద్‌లో మా అక్క బిడ్డ నిశ్చితార్థం, దానికి కూడా పోలేదు.

సోమవారం మీ టెక్నీషియన్ ఫోన్ చేసి, "సార్, ఒక ఓటీపీ వస్తది చెప్పండి, రేపు పొద్దున ఉంటా" అన్నాడు. నమ్మి చెప్పాను. అయిదు నిమిషాల్లో మెసేజ్ వచ్చింది: మీ ఫిర్యాదు పరిష్కారమైంది, మా సేవకు రేటింగ్ ఇవ్వండి అని. మనిషి మాత్రం ఇప్పటిదాకా రాలేదు.

సూపర్‌వైజర్‌ను అడిగితే అసలు విషయం బయటపడింది. మార్చి విజిట్ కూడా అయిపోయినట్టే మీ సిస్టమ్‌లో ఉందట. స్ట్రెయినర్ కడిగారట, నీళ్లు వెనక్కి తిప్పి ఫిల్టర్ కడిగే బ్యాక్‌వాష్ చేశారట, మూత ఓరింగ్‌కు గ్రీజు రాశారట. స్ట్రెయినర్ బుట్టలో పడే వేపపూత, పిల్లల వెంట్రుకలు రోజూ తీసేది నేను. ఫిల్టర్ శుభ్రంగా ఉన్నప్పటి ప్రెషర్ దగ్గర గేజ్ మీద ఎర్ర రంగుతో గుర్తు పెట్టుకుని, ముల్లు దానికి 8, 10 పీఎస్ఐ పైకి పోగానే బ్యాక్‌వాష్ చేసి తారీఖుతో నోట్‌బుక్‌లో రాసేదీ నేనే. మీ మనిషి వచ్చాడంటున్నది హోళీ రోజు. రంగులతో పిల్లలు నీళ్లలో దిగితే కష్టమని ప్రతి ఏడాది ఆ రోజు గేటుకు తాళం వేస్తాను. ఆ మాట చెబితే మీ సూపర్‌వైజర్, "మీరు మర్చిపోయి ఉంటారు సార్" అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పని చేయకపోతే చేయలేదని చెప్పండి, తప్పు నా మీదికి నెడతారా?

నా మాట మీద కాజీపేటలో ఒకరు, హసన్‌పర్తిలో ఒకరు మీ పంపులే పెట్టించుకున్నారు. వాళ్లకు నేనిప్పుడు ఏ ముఖం పెట్టుకుని చెప్పాలి?

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి కనుక్కున్నాను. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం నేనున్న చోటే కేసు వేయవచ్చు, అయిదు లక్షల లోపు అయితే ఫీజు కూడా లేదు. బతుకుదెరువు కోసం సొంతంగా నడుపుకునేవాళ్లు కూడా వినియోగదారులే. సీలు మార్చండి, కానీ ముందు మార్చిలో మా దగ్గరికి ఎవరూ రాలేదని మీ లెటర్‌హెడ్ మీద రాసి పంపండి. వారంలో ఆ కాగితం రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కలుద్దాం. అప్పుడు ఆరేళ్ల ఏఎంసీ రసీదులన్నీ పట్టుకుని వస్తాను.

నోట్‌బుక్‌లో మార్చి పేజీ జిరాక్స్ జత చేశాను. హోళీ తారీఖు ఎదురుగా "సెలవు, తాళం" అని నా చేతిరాత ఉంటుంది, చూసుకోండి.

ఇట్లు,
మీ ఆరేళ్ల కస్టమర్,
హన్మకొండ