జపాన్ చెక్క అచ్చు బొమ్మల నకళ్ళు: ముందు కొలత సరిచూడండి

సంపాదకులకు నమస్కారం.

ఇళ్ళ గోడల అలంకరణ గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసంలో, సోఫా వెనక నాలుగు అడుగుల 'కనగావా అల' ఫొటో వేసి కింద 'చేత్తో వేసిన జపాన్ ముద్ర' అని రాశారు. ముద్ర వేరు, చేత్తో వేసిన నకలు వేరు. రెండూ ఒకటేనని నమ్మి మా బరంపురం, ఛత్రపురం, పర్లాకిమిడి వైపు చాలామంది డబ్బు పోసి ఏవేవో తెచ్చుకుంటున్నారు.

జపాన్ చిత్రకారుడు హొకుసాయ్ ఆ బొమ్మ చేసింది 1831 ప్రాంతంలో. ఆయన గీసిన పల్చటి కాగితాన్ని చెర్రీ చెక్క మీద బోర్లా అంటించి, చెక్కేవాడు ప్రతి గీతకీ రెండు వైపులా చెక్క తీసేశాడు. గీతకి ఒక అచ్చు, రంగులకి వేరే అచ్చులు. పెడన కలంకారీ చూసినవాళ్ళకి ఇది తెలిసిన పద్ధతే. కాకపోతే అక్కడ అచ్చుని గుడ్డ మీద కొడతారు, జపాన్‌లో అచ్చు మీద కాగితం పరిచి, వెదురు పట్ట చుట్టిన బిళ్ళతో వీపున రుద్దుతారు. కుంచెతో నకలు వేసేవాళ్ళు ఈ సంగతి మరిస్తే బొమ్మ దారి తప్పినట్టే.

అసలు ముద్ర ఎత్తు సుమారు 26 సెంటీమీటర్లు, వెడల్పు 38. ఏ3 కాగితం కంటే చిన్నది. దాన్ని నాలుగు అడుగులకి సాగదీస్తే అర మిల్లీమీటరు గీత ఒకటిన్నర మిల్లీమీటరు దాటుతుంది, మధ్యలోని నీలం బోసిపోతుంది. ఆ బోసితనం కప్పడానికి చిత్రకారుడు నురగలో నీడలు, నీళ్ళలో మెరుపులు చేరుస్తాడు. అక్కడితో హొకుసాయ్ పోయినట్టే. గోడ పెద్దదైతే బొమ్మని అసలు కొలతలోనే ఉంచి చుట్టూ మౌంటు (ఫ్రేములో బొమ్మ చుట్టూ ఉండే అట్ట) నాలుగైదు అంగుళాలు వదలండి.

కాగితం 300 జీఎస్ఎం (చదరపు మీటరుకి 300 గ్రాముల బరువు) నూలు కాగితం, నున్నటి రకం తీసుకోండి. చేతి కాగితమైతే రంగు ఊరిపోకుండా ముందు పూత పెట్టాలి: లీటరు నీళ్ళలో 15 గ్రాముల జంతు జిగురు రాత్రి నానబెట్టి, పొద్దున మరగనివ్వకుండా వేడిచేసి, 5 గ్రాముల పటిక కలపాలి. పటిక ఎక్కువైతే కొన్నేళ్ళకి కాగితం పెళుసెక్కుతుంది. గీత దింపడానికి కార్బన్ పేపరు వద్దే వద్దు. దాని జిడ్డు మీద నీటిరంగు నిలవదు. ట్రేసింగు కాగితం వెనక పెన్సిలు పొడి రుద్దితే చాలు.

ఆ అలలో తెల్లటి నురగ ఉత్త కాగితం, తెల్లరంగు కాదు. గోళ్ళలా వంగిన ఆ అంచుల చుట్టూ నీలం నింపుకుంటూ రావాలి. తెలుపు పైన పూస్తే అంచు ఉబ్బుతుంది, గోళ్ళు కాస్తా పువ్వులైపోతాయి. నీలం ప్రష్యన్ నీలమే కావాలి. అల్ట్రామెరీన్ అనే మరో నీలం వేస్తే ఊదా ఛాయ వచ్చి సముద్రం చల్లదనం పోతుంది. లేత నీలానికి తెల్లరంగు కాకుండా నీళ్ళు కలపండి, తెలుపు ఎక్కువగా కలిసిన ప్రష్యన్ నీలం వెలుతురుకి పాలిపోతుంది. పచ్చి సున్నం గోడ మీద నేరుగా ఈ నీలం వేయించుకోవద్దు, క్షారం తగిలితే విరిగి గోధుమరంగుకి మారుతుంది. రంగుని కాగితానికి పట్టించే తుమ్మబంక తక్కువైతే రంగు వేలికి అంటుతుంది, ఎక్కువైతే మెరుస్తూ బీటలు వారుతుంది.

చాలా నకళ్ళలో ఆకాశం లేత నీలంగా కనిపిస్తుంది. అసలులో ఫుజీ కొండ వెనక ఉన్నది ముదురు బూడిద రంగు, అది పైకి పోయేకొద్దీ పల్చబడుతుంది. దీనికి ఆ భాగాన్ని శుభ్రమైన నీళ్ళతో తడిపి, మెరుపు తగ్గేదాకా ఆగి, అంగుళం పట్టె కుంచెకి ఒక మూలనే రంగు అద్ది ఒకే ఊపులో లాగాలి. మధ్యలో చెయ్యి ఆగితే మరక గట్టు కడుతుంది. మే నెలలో ఈ పని తెల్లవారుజామునే చేసుకోవాలి, పది దాటితే కుంచె కదిలేలోపే కాగితం ఆరిపోతుంది.

గోపాల్‌పూర్ రేవులో పడవ నడిపేవాళ్ళకి ఈ బొమ్మ చూపిస్తే అల కంటే ముందు మూడు పడవలు చూస్తారు, వంగి తెడ్లు పట్టుకున్నవాళ్ళని లెక్కపెడతారు. వాళ్ళని చుక్కల్లా చిమ్మేసిన నకలుకి పైసా ఇవ్వక్కర్లేదు.

మరో జపాన్ చిత్రకారుడు హిరోషిగే 1857లో చేసిన వంతెన మీది జడివాన బొమ్మ ఇంకా కష్టం. వాన గీతలు రెండు వాలుల్లో పడతాయి. ఉత్త చేత్తో లాగితే వణుకు తెలుస్తుంది. గాడి ఉన్న స్కేలులో గాజు కడ్డీని నడుపుతూ, అదే చేతిలో కుంచె పట్టుకుని లాగే జపాన్ పద్ధతి మేలు. అన్ని రంగులూ ఆరాకే వాన.

మా వైపు పటచిత్రంలో చెయ్యి తిరిగినవాళ్ళకి గీత మీద ఉన్న పట్టు ఈ పనికి వరం. కానీ పటచిత్రానికి పూసే లక్క మెరుగు దీనికి పూయకూడదు. ఈ బొమ్మల అందం మెరుపు లేకపోవడంలోనే ఉంది.

కొనేవారు భూతద్దం పెట్టి చూడండి. సన్నటి రంగు చుక్కల వరసలు కనిపిస్తే అది యంత్రపు ముద్ర, పైన పారదర్శకమైన జెల్ పూసి కుంచె గాట్లు పెట్టినది. నిజంగా చేత్తో వేసినదైతే గీత రంగుని ఒకచోట కొద్దిగా దాటుతుంది, ఒకచోట తగ్గుతుంది.

మా తీరంలో ఫ్రేము కూడా బొమ్మంత ముఖ్యం. అద్దం రంగుకి ఆనితే వానాకాలం చెమ్మకి అతుక్కుని, తీసేటప్పుడు రంగు ఊడొస్తుంది. మౌంటు మందం కనీసం 2 మిల్లీమీటర్లు ఉండాలి. సెలోటేపు బదులు గోధుమ గంజితో పైఅంచున రెండు కాగితపు పట్టీలు అంటించండి, గంజి పల్చగా ఉంటే వెండిపురుగు బెడద తగ్గుతుంది. ఫ్రేము వెనక మూలల్లో బెండు ముక్కలు పెడితే గోడకి, బొమ్మకి మధ్య గాలి ఆడుతుంది.

హొకుసాయ్ సంతకాన్ని నకలులో ఉంచవచ్చు, అది కూర్పులో భాగం. అయితే వెనక పెన్సిలుతో 'నకలు' అని, వేసినవారి పేరు, సంవత్సరం, కొలత రాసి తీరాలి. మీరు కూడా ఇలాంటి ఫొటోల కింద 'చేతి నకలు' అని, కొలతతో సహా వేయాలని కోరుతున్నాం.

ఇట్లు,
కొందరు చిత్రకారులు,
బరంపురం, గంజాం జిల్లా, ఒడిశా.