ఈత బాగా వచ్చినోళ్లే జాగ్రత్తగా ఉండాలండి

ఎడిటర్ గారికి నమస్కారమండి,

మొన్న ఆదివారం మీ జిల్లా పేజీలో మన కోనసీమ కుర్రాళ్లు అండమాన్ వెళ్లి స్కూబా డైవింగ్, అదే గాలి సిలిండర్ కట్టుకుని సముద్రంలో మునగడం, చేసిన ఫొటో వేశారు, చూసి చాలా సంతోషమేసింది, కానీ అందులో ఒకబ్బాయి ప్రాణమున్న పగడాల గుట్టని చేత్తో పట్టుకుని నించున్నాడండి, అది చూసినప్పట్నుంచీ మనసు మనసులో లేదు. ఆ అబ్బాయిని తప్పుపట్టడానికి రాయట్లేదు. అంతకన్నా పెద్ద తప్పు నేనే చేశాను.

మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. రెండు ఎండు కొబ్బరికాయలు కట్టుకుని పంట కాలువలో ఈత నేర్చుకున్నవాణ్ణి, నీళ్లంటే భయం తెలీదు. అండమాన్‌లో స్కూబా కోర్సులు రెండు పూర్తిచేశాక హ్యావ్‌లాక్ నుంచి, అదే ఇప్పుడు స్వరాజ్ ద్వీప్ అంటున్నారు, బోటులో డిక్సన్స్ పినాకిల్ అనే చోటుకి తీసుకెళ్లారు. సముద్రం అడుగునుంచి లేచిన రాతి గుట్టలవి. అంత లోతులో ఎరుపు కనపడదండి, నీళ్లు అన్నిటికంటే ముందు ఎరుపునే మింగేస్తాయి, అందుకని దిగగానే అంతా నీలం, బూడిద రంగు, ఏవుంది ఇక్కడ అనుకున్నా. గైడ్ టార్చ్ వేశాడు చూడండి, రాయంతా ఎరుపు, నారింజ, వంగపండు రంగు!

సాఫ్ట్ కోరల్స్ అంటారు వాటిని, మెత్తటి పగడాలు. దగ్గరికెళ్లి చూస్తే కాండం తాటి ముంజలాగా నీరు పట్టి ఉంది, లోపల తెల్లటి సన్న ముళ్లు కనపడుతున్నాయి, పైన కొమ్మల చివర కాలీఫ్లవర్ గుత్తుల్లా ఉన్నాయి, ఆ గుత్తిలో ఒక్కోటీ ఒక్కో జీవి, ఒక్కోదానికి ఎనిమిది బుల్లి చేతులు, ఆ చేతులకి ఈకలాగా అంచులు. మనం ఉంగరంలో పెట్టుకునే ఎర్ర పగడం కూడా ఈ ఎనిమిది చేతుల వంశందేనట. గట్టి పగడాలు చాలావాటికి ఒంట్లోనే నాచు ఉండి ఎండతో తిండి తయారుచేసి పెడుతుంది, ఈ రంగురంగుల వాటికి ఆ సదుపాయం లేదు, ప్రవాహంలో కొట్టుకొచ్చే సన్న జీవుల్ని పట్టుకు తినాలి. అందుకే ప్రవాహం ఉన్నచోట రాయిని పట్టుకుని ఉంటాయి, నీళ్లు కదిలితే ఉబ్బుతాయి, ఆగితే ముడుచుకుంటాయి. మన అంతర్వేది దగ్గరో ఓడలరేవు దగ్గరో ఇలాంటివి చూద్దామంటే ఎక్కడుందండి రాయి, అంతా గోదారి తెచ్చిన ఒండ్రూ ఇసకానే కదా.

సరే, అలా చూస్తుండగా పక్కనుంచి ప్రవాహం తోసింది. కాలువలో అలవాటు, గబగబా బారలు వేశాను, కాళ్లు కొట్టాను. కాలికి తొడుక్కున్న ఫిన్, అదే రబ్బరు రెక్క, తగిలి జానెడు పగడం కొమ్మ ఊడి నా కళ్లముందే కొట్టుకుపోయింది. గైడ్ నా సిలిండర్ పట్టుకుని వెనక్కి లాగి, రెండు చేతులూ గుండెల మీద కట్టుకుని చూపించాడు, ఇలా ఉండు అని. పైకొచ్చాక బోటులో పనిచేసే పెద్దాయన, శ్రీకాకుళం వైపు నుంచి ఎప్పుడో వచ్చి అక్కడే స్థిరపడ్డాయన, నాకు టీ ఇస్తూ "ఈతొచ్చినోళ్లతోనే మాకు బెంగ బాబూ, రానోడు కదలకుండా ఉంటాడు" అన్నాడు. ఆ టీ గొంతు దిగలేదండి.

స్కూబాలో చేతులతో పనే లేదు. ఒంటికి తొడుక్కునే గాలి జాకెట్లో గాలి సరిచూసుకుని, ఊపిరి నిదానంగా తీసుకుంటే కొంచెం లేస్తాం, వదిలితే కొంచెం దిగుతాం, అంతా ఊపిరితోనే. ఇంకో ముఖ్యమైన సంగతి, మనవాళ్లు కాలువలో ఊపిరి బిగబట్టి మునుగుతారు చూడండి, సిలిండర్‌తో దిగినప్పుడు అది అస్సలు చెయ్యకూడదు, 10 మీటర్ల లోతులో పీల్చిన గాలి పైకొచ్చేసరికి రెండింతలవుతుంది, బిగబట్టి పైకొస్తే ఊపిరితిత్తులు చిరిగిపోతాయి.

ఇప్పుడు విశాఖలో కూడా స్కూబా చేయిస్తున్నారు, మన జిల్లాల కుర్రాళ్లు శని ఆదివారాలు వెళ్తున్నారు. కొన్నిచోట్ల పది నిమిషాలు చెప్పి నేరుగా రాళ్ల దగ్గరికి తీసుకుపోతున్నారు, ఫొటో కోసం పట్టుకోమని వాళ్లే చెప్తున్నారు. ముందు అడుగున ఇసక ఉన్నచోట నీళ్లలో కదలకుండా తేలడం నేర్పించండి, ఆ తర్వాతే రాళ్ల దగ్గరికి వస్తాం అని డబ్బు కట్టేటప్పుడే అడగాలి. సముద్రపు విసనకర్రల్ని, అదే సీ ఫ్యాన్స్ అనే విసనకర్ర ఆకారపు పగడాల్ని, షోకేసులో పెట్టుకుందామని తెచ్చేవాళ్లూ ఉన్నారు, వన్యప్రాణి చట్టంలో అవి 2001 నుంచి షెడ్యూల్ 1లో ఉన్నాయండి, పులి ఉన్న లిస్టే అది.

మీరు ఇలాంటి ఫొటోలు తప్పకుండా వెయ్యండి, కాకపోతే కింద ఒక్క లైను, పగడాల్ని ముట్టుకోవద్దు అని పెట్టండి చాలు. మా మేనల్లుడు సంక్రాంతి అయ్యాక అండమాన్ వెళ్తానంటున్నాడు, రోజూ సాయంత్రం చెరువుకి తీసుకెళ్లి చేతులు కట్టుకుని ఉత్త కాళ్లతోనే, అదీ నెమ్మదిగా, ఈదిస్తున్నాను. ఇంకా బారలు వేస్తూనే ఉన్నాడు.

ఇట్లు,
మీ పాఠకుడు, అమలాపురం