గ్రీవెన్స్ ఆఫీసర్ గారికి: ఇడ్లీ ప్లేటు గుండ్రంగా ఉంటుందండి

పటమట, విజయవాడ
2025 సెప్టెంబర్ 10

విషయం: మీ యాప్‌లో నా వీడియోని సాగదీసి పెట్టిన క్లిప్పు, వరద డబ్బులు తిన్నానన్న పుకారు, నా ఫోటోతో బరువు తగ్గే పౌడర్ యాడ్ – మూడుసార్లు చెప్పినా తీయకపోవడం గురించి

గ్రీవెన్స్ ఆఫీసర్ గారికి నమస్కారమండి,

ఇది మీకు నా నాలుగో ఫిర్యాదు. ముందు మూడింటికీ మీ మెషినే జవాబిచ్చినట్టుంది, అందుకే ఈసారి మనిషెవరైనా చదువుతారనే ఆశతో ఉత్తరంలాగా రాస్తున్నా, కొంచెం పొడుగవుద్ది, ఓపిక పట్టండి.

మీ యాప్‌లో ఆరేళ్ల నుంచి ఫుడ్ వీడియోలు పెడుతున్నాను. ఏసీ రెస్టారెంట్లు నాకు పెద్దగా పడవు. బండ్లు, మెస్సులు, గుంటూరు వెళ్తే అరండల్‌పేట బ్రాడీపేట సందుల్లో టిఫిన్లు, ఇక్కడైతే వన్‌టౌన్, గవర్నర్‌పేట, పొద్దున ఇడ్లీ సాయంత్రం పునుగులు, అదీ నా పని. మొదట్నుంచీ నేను లావే, అందులో దాచిందేం లేదు, కెమెరా ముందే కూర్చుని తింటున్నాను కదా. "థైరాయిడా అక్కా" అని అడిగేవాళ్లకి జవాబు చెప్పను. ఉందంటే అయ్యో పాపం అంటారు, లేదంటే తిండిపోతు అంటారు, నాకు రెండూ వద్దు.

నన్ను ఏనుగు అన్నవాడి మీద కాదండి ఈ ఫిర్యాదు, అది ముందే చెప్పేస్తున్నా. అలాంటోళ్లు స్కూల్లో ఉన్నారు, పెళ్లిచూపుల్లో ఉన్నారు, వాళ్లతో ఎలా వేగాలో నాకు చిన్నప్పట్నుంచీ అలవాటే. కానీ స్కూల్లో ఒకడు అన్నమాట ఆ కాంపౌండ్ గోడ దాటేది కాదు. మీ యాప్‌లో ఒకడు అన్నమాట మా అత్తయ్య ఫోన్లోకి, మా పాప క్లాస్‌మేట్ వాళ్లమ్మ ఫోన్లోకి, పునుగుల బండి బాబాయ్ ఫోన్లోకి వచ్చి కూర్చుంది. వాళ్లెవరూ దానికోసం వెతకలేదు, ఆ పేజీని ఫాలో అవ్వలేదు. మోసుకొచ్చి చూపించింది మీరు.

ఆగస్టు 11న ఒక పేజీ పుట్టింది, నా ప్రొఫైల్ ఫోటో, నా ఛానల్ పేరే, చివర్లో ఒక అక్షరం ఎక్కువ. అందులో పెట్టిన మొదటి క్లిప్పు నా పాత ఇడ్లీ వీడియోదే, నలభై సెకన్లు, నా మాట తీసేసి వేరే ఎవరిదో గొంతు పెట్టి "వరద డబ్బులు మింగిన అక్కని చూడండి ఎలా ఊరిందో" అని. చూడగానే నాకూ ఏదో తేడాగా అనిపించింది, నేను లావే గానీ మరీ అంత వెడల్పు ఉండను కదా అని రెండుమూడు సార్లు చూశా. అప్పుడు కనబడింది ఇడ్లీ ప్లేటు. ఆ షాట్ నేను సరిగ్గా ప్లేటు మీద నుంచి కిందికి తీసింది, స్టీలు ప్లేటు, నాలుగు ఇడ్లీలు, పక్కన అల్లం చట్నీ. నా ఒరిజినల్‌లో ప్లేటు గుండ్రంగా ఉంది. వాడి క్లిప్పులో కోడిగుడ్డులా ఉంది. ఇడ్లీలు కూడా అడ్డంగా సాగాయి. ఇంకో షాట్‌లో నా వెనకాల రోడ్డుకి అడ్డంగా ఆగిన ఆటో ఉంది, దాని చక్రం కూడా అంతే. పాప జామెట్రీ బాక్సులో స్కేలు తీసుకుని కంప్యూటర్ మీద పెట్టి కొలిచాను, ప్లేటు అడ్డం 5.2 సెంటీమీటర్లు నిలువు 4, చక్రం అడ్డం 2.6 నిలువు 2. రెండూ ఒకే లెక్కన సాగాయండి. అంటే వీడియో మొత్తాన్ని అడ్డంగా లాగి పెట్టాడు, నన్నూ ఇడ్లీనీ ఆటోనీ కలిపి.

ఆ స్క్రీన్‌షాట్లు పెట్టి ఆగస్టు 12న రిపోర్ట్ కొట్టాను. పదకొండు నిమిషాల్లో జవాబు, "ఈ కంటెంట్ మా కమ్యూనిటీ గైడ్‌లైన్స్‌కి విరుద్ధంగా లేదు, మీకు ఇష్టం లేకపోతే ఈ పేజీని బ్లాక్ చేసుకోవచ్చు" అని. బ్లాక్ చేసుకుంటే నాకు కనబడదు, ఊరందరికీ కనబడుద్ది. ఇదేం సలహా అండి, ఇంటికి నిప్పంటుకుంటే కళ్లు మూసుకోమన్నట్టు!

ఇక ఆ వరద డబ్బుల సంగతి. లావు అన్నది నేను తట్టుకుంటా గానీ ఇది మాత్రం నిద్రపట్టనివ్వలేదు. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు వాగు పొంగి సింగ్ నగర్, పాయకాపురం అంతా మునిగినప్పుడు మా పటమట వైపు నీళ్లు రాలేదు, ఇంట్లో కరెంటుంది గ్యాసుంది, ఊరికే కూర్చోబుద్ధి కాక ఛానల్‌లో అడిగాను. యూపీఐలో 1,12,350 రూపాయలు వచ్చాయి. మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో నాలుగు రోజులు పులిహోర కలిపాం, మా ఆయన, అత్తయ్య, పై ఫ్లోర్ ఆంటీలు, వాచ్‌మెన్ వాళ్ల ఇద్దరు పిల్లలు. 2,600 ప్యాకెట్లు, ఒక్కోటి 30 రూపాయలు పడింది, అంటే 78,000. మిగతా 34,350 పాలప్యాకెట్లకీ నీళ్లసీసాలకీ అయిపోయింది. సింగ్ నగర్ ఫ్లైఓవర్ దాకా ఆటోలో తీసుకెళ్లి పడవల వాళ్లకీ ట్రాక్టర్ల వాళ్లకీ ఇచ్చాం. చింతపండు గుజ్జు కాగీ కాగీ అత్తయ్య చెయ్యి మీద చిందిన మచ్చ ఇంకా ఉంది. బిల్లులన్నీ అప్పుడే అదే ఛానల్‌లో పెట్టాను, ఇప్పటికీ ఉన్నాయి. ఆటో ఖర్చు మాత్రం రాయలేదు, అది మా ఆయన జేబులోది.

ఆ పుకారు క్లిప్పు మా అత్తయ్యకి మార్నింగ్ వాకింగ్‌లో ఎవరో చూపించారంట, "మీ కోడలేనా అండి" అని. ఆవిడ ఇంటికొచ్చి ఏమీ అనలేదు, ఆ చేతి మచ్చ చూసుకుంటూ కూర్చుంది. రెండ్రోజులు వాకింగ్‌కి వెళ్లలేదు. ఏడో తరగతి చదివే మా పాపని క్లాసులో ఒకమ్మాయి అడిగింది, "మీ అమ్మ వరదోళ్ల డబ్బులు తిందంట కదా" అని. పాప బిల్లులు ప్రింట్ తీసివ్వమని అడిగింది నన్ను, స్కూల్‌కి తీసుకెళ్తానంది. పన్నెండేళ్ల పిల్ల బ్యాగులో బియ్యం బిల్లు పెట్టుకుని స్కూల్‌కి వెళ్లాలా అండి? నేను ఇవ్వలేదు. కానీ ఇచ్చుంటే బాగుండేదేమోనని ఒక్కోసారి అనిపిస్తుంది, నిజం చెప్పాలంటే.

పునుగుల బండి బాబాయ్ కూడా ఫోన్ చేశాడు. "అమ్మాయ్, నువ్వు నాలుగు రోజులు ఇటు రామాక, ఏమనుకోకు, నా బండి వీడియో కింద కూడా ఏదేదో రాస్తున్నారు, నూనె మంచిది కాదని, నేను నీకు డబ్బులిచ్చానని" అన్నాడు. డబ్బులివ్వడం సంగతి దేవుడెరుగు, ఆ మనిషి నా దగ్గర పునుగుల డబ్బులు తీసుకోడు, నేనే ప్లేటు కింద నోటు పెట్టి వస్తా.

రెండో ఫిర్యాదు ఆగస్టు 18న. ఈసారి క్లిప్పు కాదు, యాడ్. బరువు తగ్గే పౌడర్ యాడ్, "ముందు" అని నా ఫోటో, అదే సాగదీసిన ఫోటో, "తర్వాత" అని సన్నటి ఒంటి మీద నా మొహం. నలభై రోజుల్లో 22 కేజీలు అంట. నా ఫాలోవర్లు "అక్కా ఆ పౌడర్ నువ్వు వాడావా, ఎక్కడ దొరుకుద్ది" అని మెసేజ్‌లు పెడుతున్నారు, ఒకావిడైతే ఆర్డర్ పెట్టేశాక అడిగింది. ఇది ఎవడో పోకిరీ రాత్రిపూట పెట్టిన కామెంట్ కాదండి. మీరు డబ్బులు తీసుకుని, అప్రూవ్ చేసి, కింద చిన్నక్షరాల్లో స్పాన్సర్డ్ అని వేసి చూపించింది. ఊబకాయం తగ్గిస్తామని మందులకి ప్రకటనలివ్వకూడదని 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ఉంది, దాని షెడ్యూల్‌లో ఊబకాయం పేరు రాసే ఉంది. అది మందు కాదు ఫుడ్ సప్లిమెంట్ అని వాళ్లు వాదించుకుంటారేమో, వాదించుకోనివ్వండి, నా మొహం మాత్రం సప్లిమెంట్ కాదు కదా. దీనికి మీ జవాబు: "యాడ్‌ని హైడ్ చేసుకునే ఆప్షన్ ఉంది."

కామెంట్ల సంగతి కూడా చెప్పాలి, ఇది మీ టెక్నికల్ వాళ్లకి చూపించండి. మీ ఫిల్టర్‌కి ఇంగ్లీషు తిట్లు వచ్చు, తెలుగు రాదు. టెస్ట్ కోసం మా ఆయన అకౌంట్ నుంచి నన్ను లావు అని వెక్కిరించే మాట ఇంగ్లీషులో కొడితే రెండు సెకన్లలో మాయమైంది. పీపా, డ్రమ్ము, గున్నేనుగు, రోడ్ రోలర్ ఇవన్నీ హాయిగా ఉన్నాయి. వినాయక చవితి రోజు, ఆగస్టు 27న ఉండ్రాళ్ల వీడియో పెడితే "ఈసారి మట్టి బొమ్మెందుకు, అక్కనే మంటపంలో కూర్చోబెట్టండి, కానీ నిమజ్జనానికి క్రేన్ కావాలి" అని ఒకడు రాస్తే దానికి వేలల్లో లైకులు, మీరేమో దాన్ని "టాప్ కామెంట్" అని అన్నిటికంటే పైన పెట్టారు. జోకు బాగానే ఉందని నాకూ ఒక్క క్షణం నవ్వొచ్చింది, అది వేరే విషయం. కింద వచ్చిన నాలుగొందల రిప్లైలు చదివాక రాలేదు.

సరే, మాటలు దాచే సెట్టింగ్ ఉంది కదా అని అందులో ఒక్కొక్కటే ఎక్కించాను. వీళ్లు నన్ను "బండి" అంటారు, "బండి బయల్దేరింది", "బండికి డీజిల్ కొట్టించారా" అని. బండి అనే మాట కూడా దాచేశాను. తర్వాత చూస్తే వారం రోజులు నా వీడియోల కింద అడ్రస్ అడిగినవాళ్లే లేరు. ఎందుకంటే మా జనం అడిగేదే "అక్కా ఈ బండి ఎక్కడ", "బండి ఎన్నింటికి పెడతారు" అని! తిట్టేవాళ్లతో పాటు ఇడ్లీ బండి కోసం అడిగేవాళ్లు కూడా మాయం. దాచే మాటల్లోంచి బండి తీసేస్తే తిట్లు వస్తాయి, పెడితే గిరాకీ పోద్ది. ఫుడ్ ఛానల్ వాళ్లని బండి అనే మాట దాచుకోమనడమంటే చేపల మార్కెట్లో చేప అనొద్దన్నట్టే. తెలుగు తెలిసిన మనిషిని ఒక్కర్ని కూర్చోబెడితే ఏది తిట్టో ఏది టిఫినో అర నిమిషంలో చెప్పేస్తారు.

ఇప్పుడు రూల్స్. మీలాంటి యాప్‌లకి కేంద్రం పెట్టిన 2021 ఐటీ రూల్స్ మా ఆయన ప్రింట్ తీసి తెచ్చారు, కూర్చుని చదివాను. ఈ 2025 సెప్టెంబర్ నాటికి ఉన్న రూల్ ప్రకారం ఫిర్యాదు వచ్చిన 24 గంటల్లో అందిందని చెప్పాలి, 15 రోజుల్లో తేల్చాలి. ఒకరిలాగా నటిస్తూ పెట్టినవి, మార్ఫింగ్ ఫోటోలతో సహా, ఆ మనిషి ఫిర్యాదు చేసిన 24 గంటల్లో తీసేయడానికి చర్య తీసుకోవాలి. నా పేరూ నా ఫోటోతో దొంగ పేజీ, సాగదీసిన వీడియో, వేరే ఒంటికి నా మొహం, ఇవి అందులోకి రాకపోతే ఇంకేం వస్తాయో మీరే చెప్పాలి. మొదటి ఫిర్యాదుకీ ఈ రోజుకీ 29 రోజులు.

నాకు కావాల్సింది ఇదండి. ఆ దొంగ పేజీ తీసేయండి, దాంతోపాటు ఆ క్లిప్పు కాపీలు ఇంకో పదమూడు పేజీల్లో ఉన్నాయి, లింకులన్నీ జత చేశాను, వాటిని నాతో ఒక్కొక్కటీ రిపోర్ట్ కొట్టించకండి. యాడ్ ఆపేసి, అది ఎవరు ఇచ్చారో, ఎన్ని రోజులు నడిచిందో రాతపూర్వకంగా చెప్పండి. తీసేసినవాటి రికార్డు చెరిపేయొద్దు, 180 రోజులు దాచాలని అదే రూల్స్‌లో ఉంది, సైబర్ క్రైమ్ పోర్టల్‌లో నేను కేసు పెట్టాను కాబట్టి వాళ్లు అడిగితే ఇవ్వాల్సొస్తుంది. ఇంకొకటి, క్లిప్పు ఎవరెవరికి చూపించారో వాళ్లకి అది అబద్ధమని కూడా చూపించమని అడగాలనుంది గానీ, మీరు చెయ్యరని తెలుసు. అడిగానని మాత్రం రాసుకోండి.

మీ మూడో జవాబు ఆగస్టు 30న వచ్చింది. దాని మీద గ్రీవెన్స్ అప్పిలేట్ కమిటీకి, అంటే మీ జవాబుల మీద అప్పీళ్లు వినే కేంద్ర ప్రభుత్వ కమిటీకి, వెళ్లడానికి 30 రోజుల టైం ఉంది, అంటే సెప్టెంబర్ 29 దాకా. 20వ తారీకు దాకా మీ కోసం చూస్తాను, ఆ తర్వాత అక్కడికి వెళ్తాను, ఈ ఉత్తరం కూడా జతపెడతాను.

జవాబు తెలుగులో రాయండి, మా అత్తయ్య కూడా చదువుతానంది. ప్లేటు కొలతల స్క్రీన్‌షాట్లు రెండు, ఆటో చక్రం ఒకటి, వరద బిల్లులు పదిహేడు, యాడ్ రికార్డింగ్, పదమూడు లింకులు జత చేశాను. ప్లేటు ఫోటో తెరిచేటప్పుడు ఫుల్ స్క్రీన్‌లో కాకుండా మామూలుగా చూడండి, కొన్ని ఫోన్లలో ఫుల్ స్క్రీన్ పెడితే అదే సాగుద్ది, మళ్లీ రెండూ ఒకలాగే ఉన్నాయంటారు.

ఇట్లు,
మీ యాప్‌లో ఆరేళ్ల నుంచి టిఫిన్ వీడియోలు పెట్టే విజయవాడ మనిషి